తొంభై ఆరు వస్తే ఫెయిలే: వడ్రంగి కూతురు రాస్తున్న వుడ్ షాప్ సేఫ్టీ టెస్టుల రివ్యూ

సెప్టెంబరు రెండో వారంలో ఒక రాత్రి మా అమ్మాయి ల్యాప్‌టాప్ టప్పున మూసేసి, "మళ్ళీ ఫెయిలయ్యానమ్మా" అంది. ఎంతొచ్చిందే అంటే తొంభై ఆరంది. తొంభై ఆరుకి ఫెయిలేమిటని నా అనుమానం. పాతిక ప్రశ్నల్లో ఒక్కటి తప్పిందట. నూటికి నూరూ వస్తేగానీ రంపం దగ్గరికి రానివ్వరట. మన చిన్నప్పుడు ముప్పై అయిదు వస్తే ఊపిరి పీల్చుకున్న సబ్జెక్టులు గుర్తొచ్చాయి.

మేముండేది ఆరెగన్‌లో, పోర్ట్‌లాండ్ పక్కన. అమ్మాయి తొమ్మిదో తరగతి. ఎలక్టివ్ అంటే ఏ కోడింగో తీసుకుంటుందనుకుంటే వుడ్ షాప్ తీసుకుంది, అంటే బళ్ళోనే వడ్రంగం క్లాసు. నేను పధ్నాలుగేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. మా నాన్న గోదావరి జిల్లాలో వడ్రంగి. నేను ఉలి పట్టుకుంటే చేతిలోంచి లాక్కుని "పో, పోయి చదువుకో" అన్న మనిషి. ఆయన ఆగస్టులో మా దగ్గరికొచ్చారు, ఫిబ్రవరి దాకా ఉంటారు. మనవరాలు వడ్రంగం నేర్చుకుంటోందంటే ముందు నమ్మలేదు. ఇంత ఫీజులు కట్టేది ఇందుకా అన్నట్టు నా వంక చూశారు. కాబట్టి ఈ టెస్టులు మా ఇంట్లో ముగ్గురం కలిసి చూశాం. ఇలాంటి వాటికి సాధారణంగా దొరకనంత గట్టి రివ్యూ టీమే మాది.

సర్వీసు పేరు రాయను. బడి డబ్బు కట్టి తీసుకున్న ఒక వెబ్‌సైటు. మీ పిల్లల బళ్ళో వేరేది ఉండొచ్చు, తీరు మాత్రం ఇంచుమించు ఇదే ఉంటుంది. బడి ఐడీతో లాగిన్ అవ్వాలి. మొత్తం పన్నెండు టెస్టులు: షాపులో, అంటే ఆ వడ్రంగం గదిలో, మామూలు జాగ్రత్తలకి ఒకటి, ఆ తర్వాత టేబుల్ సా (బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపం పైకి లేచి ఉండే మిషను), బ్యాండ్ సా, డ్రిల్ ప్రెస్, జాయింటర్, ప్లేనర్, శాండర్ ఇలా మిషనుకొకటి, చివర్లో పాలిష్ పనికొకటి. ముందు నాలుగు పేజీల పాఠం, ఒక వీడియో, తర్వాత ప్రశ్నలు. నూరు వస్తే సర్టిఫికెట్ ప్రింటు తీసి, మేం సంతకం పెట్టి, టీచరుకివ్వాలి. అప్పుడు ఆయన మిషను పక్కన నిలబెట్టుకుని చేయించి చూస్తారు. అందులో కూడా పాసైతేనే స్విచ్ ముట్టుకోనిస్తారు. మొదటి మూడు వారాలు వీళ్ళు ఒక్క చెక్కా కొయ్యలేదు.

ఇంత హడావుడి ఎందుకా అనుకున్నాను. అమెరికాలో ఏటా దాదాపు ముప్పై వేల మంది టేబుల్ సా పళ్ళకి చెయ్యి తగిలి ఎమర్జెన్సీకి వెళతారని ఇక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ లెక్క. పద్దెనిమిది నిండని పిల్లల్ని పనిలో పెట్టుకుని కరెంటు రంపం నడిపించడం కేంద్ర కార్మిక చట్టం ప్రకారం నిషేధం. ఏవో కొద్దిపాటి మినహాయింపులున్నాయి. బళ్ళో నేర్చుకోవడం ఉద్యోగం కాదు కాబట్టి పధ్నాలుగేళ్ళ పిల్లకి అదే మిషను చూపిస్తారు. రేపేదన్నా జరిగితే "మేం చెప్పాం, తను రాసింది, ఇదిగో తేదీ" అని చూపించడానికి బడికి ఒక కాగితం కావాలి. ఈ సర్వీసు అమ్ముతున్నది అసలు ఆ కాగితాన్నే. తప్పని అనను. కానీ చూడబోతే ప్రతి మూలా అది తెలుస్తూనే ఉంటుంది.

ముందు మంచి చెప్తాను. మిషనుకో టెస్టు పెట్టడం చాలా తెలివైన పని. అన్నీ కలిపి వంద ప్రశ్నలు పెడితే పిల్లలు బండగా బట్టీ పట్టేవాళ్ళు. ఇక్కడ డ్రిల్ ప్రెస్ టెస్టు రాసినవాళ్ళకి డ్రిల్ ప్రెస్సే కళ్ళ ముందుంటుంది. చక్ (బిట్టుని పట్టుకునే భాగం) బిగించే తాళం అందులోనే వదిలేసి స్విచ్ వేస్తే అది ఎటు ఎగురుతుందో ఫోటోలో బాణం గీసి చూపించారు. చెక్కని చేత్తో కాదు, క్లాంపుతో పట్టాలని మూడు రకాలుగా తిప్పి తిప్పి అడిగారు. ప్రశ్నని చదివి వినిపించే బటన్ ఉంది, స్పానిష్ కూడా ఉంది. కొత్తగా దేశం వచ్చిన పిల్లలకి అది పెద్ద ఊరట.

గ్లవుజుల ప్రశ్న దగ్గర మా అమ్మాయి మొదటిసారి తప్పింది. డ్రిల్ ప్రెస్ వాడేటప్పుడు గ్లవుజులు వేసుకోవాలా? వేసుకోవాలని పెట్టింది. ఎవరైనా అదే పెడతారు, జాగ్రత్త అంటేనే గ్లవుజులు కదా. తప్పంది సైటు. ఎందుకు తప్పో మాత్రం చెప్పలేదు. నాన్న సోఫాలోంచి, "తిరిగే దాని దగ్గర బట్ట ఉండకూడదమ్మలూ. చర్మమైతే తెగుతుంది. బట్టైతే చుట్టుకుంటుంది, చెయ్యంతా లాక్కుపోతుంది" అన్నారు. ఆయన పనిచేసిన చోట పని మొదలెట్టే ముందు భుజం మీది తువ్వాలు తీసి మేకుకి తగిలించాలి. అది మర్చిపోతే మేస్త్రి బూతులు తిట్టేవాడట. "ఆ బూతులే మా టెస్టు" అన్నారు.

అసలు కథ టేబుల్ సా టెస్టులో ఉంది. తొంభై ఆరు దగ్గర ఆగింది ఇక్కడే, అదీ రెండుసార్లు. రంపపు పళ్ళ వెనకాల, పళ్ళంత మందంలో, నిలువుగా ఒక రేకు ఉంటుంది. దాని పనేమిటని ప్రశ్న. మా అమ్మాయి "చెక్క వంకర పోకుండా నడపడానికి" అని పెట్టింది. రెండోసారి "పొట్టు బయటికి పోవడానికి" అని పెట్టింది. రెండూ తప్పే. సైటు చెప్పేది ఒకటే మాట: తప్పు, పాఠం మళ్ళీ చదువు. పాఠంలో దాని గురించి ఒక్క వాక్యం ఉంది. అందులో ఉన్న 'కెర్ఫ్' అనే మాట ఆ పిల్లకి తెలీదు. రంపం కోసుకుంటూ పోతే వెనక మిగిలే సందు అదని నాన్నకి చెప్తే ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళారు.

కౌంటరు మీద పులుసు కోసం తెచ్చిన గుమ్మడికాయ ఉంది. పెద్ద కత్తి తీసి అందులో సగం దాకా దించారు. "ఇప్పుడు లాగు" అన్నారు మనవరాలితో. రాలేదు. రెండు చేతులతో లాగినా కత్తితో పాటు కాయే లేస్తోంది. అప్పుడు గరిటె కాడ తీసుకుని కత్తి వెనకాల తెగిన సందులో దూర్చారు. కత్తి సులువుగా వచ్చేసింది. "కాయ కోస్తుంటే రెండు చెక్కలూ దగ్గరికొచ్చి కత్తిని పట్టేస్తాయి. కర్రా అంతే. లోపల బిగువున్న కర్రయితే మరీను. ఇప్పుడీ కత్తి నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరుగుతోందనుకో. దాన్ని పట్టుకుంటే ఏమవుద్ది? తంతుంది. చెక్కని నీ మీదికి తంతుంది. నువ్వు దాన్ని తోస్తున్నావు కదా, నీ చెయ్యి ఎక్కడుందో చూసుకో. ఈ గరిటె కాడే ఆ రేకు."

ఎడమ చూపుడువేలు పైకణుపు లేదు మా నాన్నకి. 1991లో టేకు రీపర్లు కోస్తుంటే పోయింది. ఆ మిషనుకి రేకూ లేదు, గార్డూ లేదు. నాకప్పుడు ఆరేళ్ళు. వేలెలా తెగింది నాన్నా అని నేను ఎన్నిసార్లు అడిగానో. ఎప్పుడూ "కర్ర తన్నింది" అనేవారు. గుర్రం తన్నినట్టు కర్ర తన్నడమేమిటో నాకర్థమయ్యేది కాదు. 'కిక్‌బ్యాక్' అన్న మాట ఆ సైట్లో చదివి, గుమ్మడికాయ చూశాక, ముప్పై ఏళ్ళ తర్వాత అర్థమైంది. అమ్మాయి మూడోసారి రాసింది. నూరు.

మర్నాడు నాన్న తనూ రాస్తానన్నారు. ప్రశ్న నేను తెలుగులో చదవడం, ఆయన జవాబు చెప్పడం. టేబుల్ సా మీద పాతికకి పంతొమ్మిది. చెక్క తన్నే ప్రశ్నలు అయిదుంటే అయిదూ కరెక్టు. అడ్డంగా కోసేటప్పుడు ఫెన్సూ (పళ్ళకి సమాంతరంగా ఉండే ఆనుడు పట్టీ), మైటర్ గేజీ (చెక్కని ఆనించి ముందుకి తోసేది) రెండూ కలిపి ఎందుకు వాడకూడదంటే, నేను ఆప్షన్లు చదవకముందే, "తెగిన ముక్క ఫెన్సుకీ పళ్ళకీ మధ్య ఇరుక్కుంటుంది, వెనక పళ్ళు దాన్ని పైకి లేపి విసిరేస్తాయి" అన్నారు. పళ్ళు చెక్కపైన ఎంత లేచి ఉండాలంటే చిటికెనవేలి గోరు చూపించారు. పావంగుళం. కరెక్టు.

తప్పినవన్నీ వేరే రకం. కళ్ళద్దాలు ఎప్పుడు పెట్టుకోవాలి? "పొట్టు ఎగిరితే" అన్నారు. షాపులో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ అనేది జవాబు. చిన్న గీత పడితే ఏం చెయ్యాలి? "పసుపు అద్దుకుంటే సరి." టీచరుకి చెప్పాలట. స్విచ్ ఆపేశాక పళ్ళు ఇంకా తిరుగుతుండగా ముక్క తీయొచ్చా? "తీస్తాం కదా" అన్నారు, అదేదో నేను అన్నం తినొచ్చా అని అడిగినట్టు. రంపం నడుస్తుంటే ఎవరైనా పిలిస్తే తల తిప్పొచ్చా? "యజమాని పిలిస్తే తిప్పకపోతే ఎలా?" ఆ మాటకి అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పిల్ల తప్పినవన్నీ ఆయనకి తెలుసు. ఆయన తప్పినవన్నీ పిల్లకి ఎవరూ చెప్పకుండానే వచ్చు. ఈ సైటు తయారుచేసినవాళ్ళకి రెండో రకం ప్రశ్నలు రాయడం బాగా చేతనయింది. మొదటి రకమే చేతకాలేదు. 'ఏం చెయ్యకూడదు' అన్నది ముప్పై విధాల అడుగుతారు, 'చేస్తే ఏమవుతుంది' అన్నది పాఠంలోనే సరిగ్గా లేదు.

ఇక నా వృత్తి ధర్మం. పిల్ల పడుకున్నాక దీన్ని నేను ఆఫీసులో బిల్డు చూసినట్టు చూశాను. మా మేనేజరు చూసి ఉంటే గర్వపడేవాడు.

ఫెయిలైతే మళ్ళీ వచ్చేవి అవే పాతిక ప్రశ్నలు, అదే వరసలో. ఆప్షన్ల వరస కూడా మారదు. అంటే మూడోసారికి ప్రశ్న చదవనక్కర్లేదు, బి, డి, డి, ఎ అని గుర్తుంటే చాలు. అమ్మాయి క్లాసులో ఇలాంటి వరసలు చేతి మీద రాసుకుని తిరుగుతున్నారట. ప్రశ్నలు కలగలపడం ఏమంత కష్టమైన పని కాదు. చేరిన మొదటి నెలలో ఫ్రెషర్ చేత చేయించే పని.

జాయింటర్ అనే మిషను నేను జన్మలో ముట్టుకోలేదు. మన వాళ్ళు చిత్రిక పట్టే పనిని కరెంటుతో చేసేదని నాన్న చెప్పారు. పాఠం చదవకుండా, వీడియో చూడకుండా, ప్రతి ప్రశ్నకీ అన్నిట్లోకీ పొడుగ్గా ఉన్న ఆప్షన్ నొక్కుకుంటూ పోయాను. 'పైవన్నీ' ఉంటే అదే నొక్కాను. ఇరవైకి పదిహేడు. పన్నెండంగుళాల కంటే పొట్టి ముక్కని దాని మీద పెట్టకూడదన్న సంగతి నాకు టెస్టు అయ్యాకే తెలిసింది, అదీ తప్పిన మూడింట్లో ఒకటి.

వీడియో ఆపి ముందుకి జరపనివ్వరు, బాగానే ఉంది. కానీ ఇంకో ట్యాబ్ తెరుచుకుని పాటలు వింటున్నా అది తన మానాన ఆడుతూ, చివర్లో 'చూశారు' అని టిక్కు పెట్టేసుకుంటుంది. ఫోన్లో అయితే 'బొమ్మలో ఎమర్జెన్సీ స్టాప్ బటన్ ఎక్కడుందో తాకండి' అనే ప్రశ్న పనిచెయ్యదు. బొమ్మ కుడిపక్క కోసుకుపోతుంది, బటన్ ఆ కుడిపక్కే ఉంది. ఎమర్జెన్సీలో బటన్ దొరక్కపోవడం ఎలా ఉంటుందో నేర్పడానికే పెట్టారేమో.

అన్నిటికంటే పెద్దది: మార్కులు చూశాక బ్రౌజర్లో వెనక్కి బాణం నొక్కితే జవాబులు అలాగే ఉంటాయి. తప్పినదొకటి మార్చి మళ్ళీ సబ్‌మిట్ చేస్తే నూరు వచ్చి, సర్టిఫికెట్ వస్తుంది. రికార్డులో ఒక్క ప్రయత్నంగానే పడుతుంది. మా ఆఫీసులో దీనికి సివియారిటీ వన్, అంటే అన్నిటికంటే తీవ్రమైన తప్పని, పెడతారు, ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. నేను స్క్రీన్‌షాట్లతో సహా కంపెనీకి రాశాను. 'మీ అభిప్రాయం మాకు విలువైనది' అని జవాబొచ్చింది. నెలన్నర అయింది, బాణం ఇప్పటికీ పనిచేస్తోంది.

టీచరుకీ రాశాను. ఆయన ఆ రోజే జవాబిచ్చారు: నాకు తెలుసు, అందుకే కాగితం తీసుకుని పక్కన పెట్టి, మిషను దగ్గర మళ్ళీ మొదట్నుంచీ అడుగుతాను. పేరెంట్స్ వచ్చే రోజున నాన్నని తీసుకుని షాపు చూడ్డానికి వెళ్ళాను. టేబుల్ సా మీద సాస్టాప్ అని రాసి ఉంది. ఈ కంపెనీ మా ఆరెగన్‌దే. స్టీఫెన్ గాస్ అనే ఆయన, ఫిజిక్సు చదివిన పేటెంటు లాయరు, 1999 ప్రాంతంలో తయారుచేశాడు. పెద్ద కంపెనీలేవీ తీసుకోకపోతే తనే కంపెనీ పెట్టి 2004లో అమ్మకం మొదలెట్టాడు. రంపపు పళ్ళలో చిన్న కరెంటు సంకేతం నడుస్తుంటుంది. వేలు తగిలితే ఆ సంకేతం మారుతుంది. వెంటనే ఒక అల్యూమినియం దిమ్మ పళ్ళలోకి దూసుకెళ్ళి, సెకనులో రెండొందలో వంతు కంటే తక్కువ వ్యవధిలో ఆపేస్తుంది. చేతికి చిన్న గీత పడి ఊరుకుంటుంది. దిమ్మ మాత్రం ఒక్కసారికే. వంద డాలర్లు పెట్టి కొత్తది వెయ్యాలి, పళ్ళూ పోయినట్టే.

గోడకి అలా పోయిన దిమ్మలు మూడు తగిలించారు, పళ్ళు అందులో దిగబడి ఉన్నాయి. కింద తేదీలు. రెండు తడి చెక్క వల్ల, తడి చెక్కని కూడా అది వేలనుకుంటుందట. మూడోది నిజంగా ఒక పిల్లాడి బొటనవేలు. ఆ పిల్లాడికి టెస్టులో నూరొచ్చిందని టీచరు చెప్పారు. నాన్న ఆ దిమ్మని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. మిషను ఎంతని అడిగారు. మూడు వేల డాలర్ల పైమాటే అన్నాను. ఇంకేమీ అడగలేదు.

చోద్యమేమిటంటే ఈ రంపం గురించి టెస్టులో ఒక్క ప్రశ్నా లేదు. ఫోటోల్లో ఉన్నది ఏదో పాతకాలం మిషను. దానికి స్విచ్ ఎడమపక్క ఉంది, వీళ్ళ దానికి వేరే చోట ఉంది. టెస్టులో ఆ రేకుని ఒక పేరుతో పిలిచారు, బళ్ళో మిషను మీద ఇంకో పేరు రాసి ఉంది. టీచరు తన మిషను ఫోటో తనే పెట్టుకునే వీలు ఇవ్వొచ్చు కదా. ఆ వీలుంది, కానీ దానికి వేరే ప్లాను, వేరే రేటు అట. ఇది రాస్తుంటే మళ్ళీ కోపం వస్తోంది.

పాలిష్ టెస్టు గురించి రెండు మాటలు. అన్నిట్లోకీ బాగా రాసింది అదే. అవిసె నూనె పాలిష్‌కి వాడిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే, నిప్పు తగలకుండానే, వాటంతట అవే అంటుకుంటాయి. ఆ నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుడుతుంది. ఉండలో ఉంటే ఆ వేడి బయటికి పోదు. పరిచి ఆరబెట్టాలి, లేదా మూతున్న లోహపు డబ్బాలో నీళ్ళలో వెయ్యాలి. ఇది పొగతో, గడియారంతో ఒక వీడియోలో చూపించారు. నాన్నకి ఇది కొత్త. లక్క పాలిష్ చేతులు ఆయనవి. ఆ వీడియో మూడుసార్లు పెట్టించుకుని, మా ఊళ్ళో ఇప్పుడు కొట్టు నడుపుతున్న తన పాత శిష్యుడికి వాట్సాప్‌లో ఫోన్ చేసి, వాడు నమ్మకపోతే అరిచి మరీ చెప్పారు. మిగతా పదకొండు టెస్టులూ ఈ ఒక్కదాన్ని తీసినట్టు తీసుంటే ఈ రివ్యూ ఇంత పొడుగు ఉండేది కాదు.

నా మార్కులు అయిదుకి రెండున్నర. టీచరు మంచివాడైతే మూడున్నర అనుకోండి, ఆ తేడా ఆయనది, సైటుది కాదు. మీ పిల్లలకి ఇలాంటిది వస్తే వాళ్ళ పక్కన కూర్చోండి. తప్పిన ప్రతి ప్రశ్నకీ 'ఎందుకు' అని అడగండి, సైటు చెప్పదు. వచ్చిన సర్టిఫికెట్ మీద గుడ్డిగా సంతకం పెట్టకండి. మిషను దగ్గర టీచరు విడిగా చేయించి చూస్తారా లేదా అని ఒక ముక్క రాసి కనుక్కోండి. చూడరని తెలిస్తే మాత్రం, నేనైతే ఆ క్లాసు మార్పిస్తాను.

నాన్న తన పేరు మీద కూడా ఒక సర్టిఫికెట్ వస్తుందా అని అడిగారు. బడి ఐడీ ఉండాలి నాన్నా, రాదు అన్నాను. కాస్త నిరాశపడ్డారు. పోయిన శనివారం హార్డ్‌వేర్ కొట్లో ఆయన చదువుకునే అద్దాల పైనుంచి పెట్టుకునే రకం రక్షణ కళ్ళద్దాలు చూపించమన్నారు. జత తొమ్మిది డాలర్లు. తనకొకటి, శిష్యుడికొకటి. మీరు కొనేటప్పుడు ధరొక్కటే చూడకండి, కాడ మీద జెడ్87 (Z87, రక్షణ కళ్ళద్దాలకి అమెరికా ప్రమాణం గుర్తు) అని అచ్చు ఉంటేనే తీసుకోండి.